యథాశక్తి చాలని పొయ్యి: బార్బెక్యూ పోటీల ఖర్చుపై ఒక విచారణ

అమెరికాలో బార్బెక్యూ పోటీ శుక్రవారం మొదలై శనివారం సాయంత్రానికి తేలుతుంది. సంత జరిగే మైదానంలోనో, నది ఒడ్డు పార్కులోనో జట్లు ట్రెయిలర్లు నిలుపుకుని, గుడారాలు వేసుకుంటాయి. నిర్వాహకులు వచ్చి పచ్చి మాంసాన్ని తనిఖీ చేస్తారు. ఉప్పూ కారమూ ఇంటి దగ్గరే పట్టించి తెస్తే ఒప్పుకోరు. ఆ తరువాత రాత్రంతా పొగపొయ్యి దగ్గర జాగరణే. మర్నాడు పన్నెండింటికి కోడిమాంసం, పన్నెండున్నరకు పంది పక్కటెముకలు, ఒంటిగంటకు పంది భుజం మాంసం, ఒకటిన్నరకు బ్రిస్కెట్ అనే గొడ్డు రొమ్ముభాగం న్యాయనిర్ణేతల బల్ల మీదకు చేరాలి. ఈ క్రమం కాన్సాస్ సిటీ బార్బెక్యూ సొసైటీది. 1980ల మధ్యలో కొందరు మిత్రులు సరదాగా మొదలుపెట్టిన ఈ సంస్థ నియమాలనే ఇప్పుడు దేశంలో ఎక్కువ పోటీలు పాటిస్తున్నాయి.

పోటీలు మాత్రం అంతకు ముందే ఉన్నాయి. హ్యూస్టన్ పశుప్రదర్శనలో 1974 నుంచి, మెంఫిస్ నగరంలో 1978 నుంచి, కాన్సాస్ సిటీ అమెరికన్ రాయల్ ఉత్సవంలో 1980 నుంచి ఏటా జరుగుతున్నాయి. టెనెసీ రాష్ట్రంలోని లించ్‌బర్గ్‌లో జాక్ డేనియల్స్ విస్కీ పేరిట 1989లో మొదలైన పోటీకి ఆహ్వానం ఉన్నవారే వెళ్లాలి. ఆ ఆహ్వానం కోసం జట్లు ఏడాదంతా ఊళ్లు తిరుగుతాయి.

వీటిలో పాల్గొనేవారిలో ఎక్కువమంది వంట వృత్తివారు కారు. వారం ఐదు రోజులూ వేరే ఉద్యోగాలు చేసుకుని, సెలవు రోజుల్ని, జీతంలో మిగిలినదాన్ని ఈ పొయ్యికి సమర్పించేవారే ఎక్కువ. కడుపు నింపుకోవడానికి అవసరం లేని వంట మీద, గెలుపు మీద హామీ లేని పోటీ మీద ఇంత ధనం వెచ్చించడం సబబేనా అన్న ప్రశ్న వారి ఇళ్లలో ఎలాగూ వస్తుంది. తత్త్వశాస్త్రంలో ఇదే ప్రశ్నకు ఇంకా పాత చరిత్ర ఉంది. ప్రయోజనం కోసం చేసే పనికీ, పని కోసమే చేసే పనికీ మధ్య ధనం ఏ స్థానంలో నిలుస్తుందన్నది దాని సారం.

ముందు ఖర్చు ఎక్కడెక్కడ పుడుతుందో చూడాలి. ప్రవేశ రుసుము మామూలు పోటీలో కొన్ని వందల డాలర్లు. మెంఫిస్ వంటి పెద్ద పోటీలో స్థలం అద్దెతో కలిపి వేలల్లోకి పోతుంది. మాంసం రెండో పద్దు. ఒక్కో విభాగంలో న్యాయనిర్ణేతలకు పంపవలసినవి కనీసం ఆరు ముక్కలు, అంటే నాలుగు విభాగాలకూ కలిపి ఇరవై నాలుగు. ఆ ఇరవై నాలుగింటి కోసం ఒక జట్టు రెండు బ్రిస్కెట్లు, నాలుగు పంది భుజాలు, ఆరు వరుసల పక్కటెముకలు, రెండు డజన్ల కోడి తొడలు వండడం మామూలు. వండినవాటిలోంచి ఒకేలా ఉన్నవీ, మెరుస్తున్నవీ ఏరి పెట్టెలో పెడతారు. బ్రిస్కెట్ జపాను వాగ్యూ జాతి సంకరపు పశువుదైతే ఒక్క ముక్కకే రెండు వందల డాలర్లు దాటవచ్చు.

పొయ్యిల సంగతి వేరే. పాత ఇనుప పీపాను కోసి చేసిన పొగడబ్బా కొన్ని వందల డాలర్లతో అయిపోతుంది. ట్రెయిలర్ మీద బిగించిన పెద్ద పొయ్యి పదివేల డాలర్లకు అటూ ఇటూ, కొన్నిసార్లు అంతకు బాగా పైన. దాన్ని లాగడానికి బలమైన ట్రక్కు కావాలి. కట్టెలు, బొగ్గులు, మసాలా, ఇంధనం, హోటలు గది, గెలిచినవారు నడిపే శిక్షణ తరగతుల రుసుము, ఇవన్నీ చేరితే ఒక వారాంతం వెయ్యి డాలర్ల దరిదాపుల్లో తేలడం అరుదు కాదు. సంవత్సరానికి ఇరవై పోటీలకు వెళ్లే జట్లూ ఉన్నాయి.

ఈ లెక్కకు అందరికీ ముందు తోచే సమాధానం బహుమతి సొమ్ము. అది నిలవదు. యాభై జట్లు తలా మూడు వందలు కట్టిన పోటీలో మొత్తం బహుమతి పదివేల డాలర్లు అనుకుంటే, సగటున ఒక జట్టుకు తిరిగి వచ్చేది రెండు వందలు. ప్రవేశ రుసుము కూడా పూడదు, మాంసం మాట దేవుడెరుగు. నాలుగైదు జట్లు తరచూ గెలుస్తాయి గనుక మిగిలినవారి సగటు ఇంకా తక్కువ. కొందరు ఈ పోటీల పేరును పెట్టుబడిగా మార్చుకుని మసాలా పొడులు, సాసులు అమ్ముకున్నారు, హోటళ్లు పెట్టారు. 2009లో మొదలైన 'బీబీక్యూ పిట్‌మాస్టర్స్' టీవీ కార్యక్రమం ఆ దారిని మరింత ఆకర్షణీయం చేసింది. అయినా వారు కొద్దిమందే. వారిది అప్పుడు వ్యాపారం అవుతుంది, సరదా అన్న పేరు చెల్లదు.

ఈ తేడాను అమెరికా ఆదాయపు పన్ను చట్టం చాలా గంభీరంగా పట్టించుకుంటుంది. చట్టంలోని 183వ విభాగం ప్రకారం లాభాపేక్ష లేని పనిలో వచ్చిన నష్టాన్ని ఇతర ఆదాయంలోంచి తీసేసుకోవడానికి వీలులేదు. ఐదేళ్లలో మూడేళ్లు లాభం చూపితే అది వ్యాపారమేనని ముందుగా ఊహిస్తారు. లేకపోతే అధికారులు తొమ్మిది అంశాలు పరిశీలిస్తారు. లెక్కలు పద్ధతిగా రాస్తున్నాడా, ఆ రంగంలో నేర్పు ఉందా, ఎంత సమయం పెడుతున్నాడు వంటివి అందులో ఉన్నాయి. చివరి అంశం విచిత్రమైనది: ఆ పనిలో స్వంత ఆనందం, వినోదం ఎంత? ఆనందం ఒక్కటే ఉన్నంత మాత్రాన అది హాబీ అయిపోదని కూడా నిబంధనల్లోనే ఉంది. హాబీ మీద వచ్చిన ఆదాయానికి పన్ను పడుతుంది, హాబీకి పెట్టిన ఖర్చుకు మాత్రం 2018 నుంచి మినహాయింపు దొరకదు. గెలిచిన బహుమతి ఆదాయం, దానికోసం కాల్చిన కట్టెలు స్వంత విలాసం. తత్త్వవేత్తలు శతాబ్దాలుగా వాదించుకున్న విషయాన్ని ఒక పన్ను ఫారం ఇలా తేల్చేసింది గానీ, అది తేల్చింది పన్ను ఎంతన్నది మాత్రమే. డబ్బు ఎందుకు పెట్టాలన్నది అలాగే మిగిలింది.

భారీ ఖర్చును ఒక సద్గుణంగా చూసిన తొలి తత్త్వవేత్తల్లో అరిస్టాటిల్ ఒకడు. తన నికోమాకియన్ నీతిశాస్త్రం నాలుగో భాగంలో, పెద్ద ఎత్తున, సందర్భానికి తగినట్టు ఖర్చు పెట్టగలగడాన్ని అతను ఉదారతకంటే వేరైన ప్రత్యేక గుణంగా వర్ణిస్తాడు. ఏథెన్స్ ధనికులు నాటక ప్రదర్శనల గాయకబృందాన్ని, యుద్ధనౌకను, నగరానికంతటికీ విందును స్వంత సొమ్ముతో సమకూర్చేవారు. ఆ ఖర్చు నగరానికి చెందుతుంది గనుక అది గౌరవం. దీనికి అటువైపున ఉన్న దోషం ఎక్కువ ఖర్చు పెట్టడం మాత్రమే కాదు, తగనిచోట పెట్టడం. అతనిచ్చిన ఉదాహరణ విందుకు సంబంధించినదే: కలిసి భోంచేసే స్నేహితుల బృందానికి పెళ్లి విందు స్థాయిలో వడ్డించేవాడు ధనం ఉందని చూపించుకుంటున్నాడు తప్ప గొప్ప పని ఏమీ చేయడం లేదు.

మెంఫిస్ పోటీలో ఈ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. మిసిసిపీ ఒడ్డున చాలా ఏళ్లు జరిగిన ఆ పోటీలో న్యాయనిర్ణేతలు జట్టు గుడారానికే వచ్చి, కూర్చుని, వంట కథ విని, తిని మార్కులేసే పద్ధతి ఉంది. దాంతో బల్లగుడ్డ నుంచి అతిథి మర్యాద దాకా అన్నీ పోటీలో భాగమయ్యాయి. కంపెనీల సాయంతో అంతస్తుల మంచెలు లేచాయి. అందులో ఊరి పండుగకు వన్నె తెచ్చిన ఖర్చు ఎంత, పక్క గుడారం కంటే పైన కనిపించాలన్న ఖర్చు ఎంత అన్నది విడదీయడం అరిస్టాటిల్‌కైనా కష్టమే. 1899లో ఆర్థికవేత్త థోర్స్టీన్ వెబ్లెన్ 'విరామ వర్గ సిద్ధాంతం' రాసినప్పుడు ఈ రెండో రకాన్నే పట్టుకున్నాడు: ఖర్చు కనబడడమే ఖర్చుకు ప్రయోజనం. క్రీస్తుపూర్వం 416లో ఒలింపియా పందేలకు ఏథెన్స్ నాయకుడు ఆల్సిబయాడిస్ ఏడు రథాలు పంపి, తన ఖర్చు వల్ల ఏథెన్స్‌కే కీర్తి వచ్చిందని వాదించుకున్నాడని చరిత్రకారుడు థుసిడిడీస్ చెబుతాడు. స్పాన్సర్ బ్యానర్లు కట్టిన ట్రెయిలర్ల వరుస ఆ వాదనకు దూరపు చుట్టమే.

అయితే వెబ్లెన్ వివరణ కాన్సాస్ సిటీ పద్ధతికి అంతగా అతకదు. అక్కడ మాంసం నంబరు వేసిన పెట్టెలో వెళుతుంది. ఏ జట్టుదో న్యాయనిర్ణేతలకు తెలియదు. పెట్టెలో అలంకరణకు కొన్ని ఆకుకూరలే వాడాలి. ఎర్ర అంచున్న లెట్యూస్ కనిపిస్తే శిక్ష. రుచి చూసేవారి ముందు ట్రెయిలరు ధర పనిచేయదు. ఆరుగురు న్యాయనిర్ణేతలు రూపానికి, రుచికి, మెత్తదనానికి రెండు నుంచి తొమ్మిది దాకా మార్కులు వేస్తారు. రుచికి ఎక్కువ బరువు, రూపానికి తక్కువ. అందరికంటే తక్కువ వేసినవారి మార్కు లెక్కలోంచి పోతుంది. ఒక విభాగంలో పూర్తి మార్కులు 180, నాలుగింటికీ కలిపి 720. మార్కులు వేయడానికి ముందు న్యాయనిర్ణేతలు చేయెత్తి ప్రమాణం చేస్తారు. సగం హాస్యంగా రాసిన ఆ ప్రమాణంలో సత్యం, న్యాయం అన్న మాటలు కూడా ఉన్నాయి. ఇంత కట్టుదిట్టంగా గొప్పలను బయట నిలిపిన చోట కూడా ఖర్చు పెరుగుతూనే ఉంది. ఎందుకన్నదే అసలు చిక్కు.

ఆట స్వభావం గురించి కెనడాలో బోధించిన తత్త్వవేత్త బెర్నార్డ్ సూట్స్ 1978లో వెలువరించిన 'ది గ్రాస్‌హాపర్' ఇక్కడ పనికొస్తుంది. చీమా మిడతా కథలో వేసవంతా ఆడి చలికాలంలో ఆకలికి చచ్చే మిడతను అతను వెక్కిరించడు, దాన్నే గురువుగా కూర్చోబెడతాడు. ఆట అంటే అవసరం లేని అడ్డంకులను ఇష్టపూర్వకంగా దాటడానికి పూనుకోవడమన్నది అతని నిర్వచనం. బార్బెక్యూ నియమావళి దీనికి అచ్చమైన ఉదాహరణ. వేడి కోసం కట్టెలు, బొగ్గులు, కర్ర పొట్టుతో చేసిన గుళికలు మాత్రమే వాడాలి, గ్యాసూ కరెంటూ నిషేధం. వంటింటి ఓవెన్‌లో మీట తిప్పి నిద్రపోయేవాడికి దొరికే స్థిరమైన వేడిని, పోటీదారు చలిగాలిలో గంట గంటకూ కట్టె పేర్చి సంపాదించుకోవాలి. బ్రిస్కెట్‌లోని గట్టి కణజాలం కరిగి జిగురుగా మారడానికి తక్కువ వేడి మీద పది పన్నెండు గంటలు పట్టవచ్చు. ఆ కష్టమే కొనుక్కున్న వస్తువు. కాబట్టి ఆటకు పెట్టిన ఖర్చు వృథా అనడం పొరపాటవుతుందని సూట్స్ వైపు నుంచి చెప్పవచ్చు. తప్పించుకోగల కష్టం కోసం డబ్బిచ్చాడు, కష్టం దొరికింది.

యూటా విశ్వవిద్యాలయపు తత్త్వవేత్త సి. థి న్గుయెన్ 2020లో రాసిన 'గేమ్స్: ఏజెన్సీ యాజ్ ఆర్ట్' ఈ వాదనను ముందుకు తీసుకెళుతుంది. గెలుపు కోసం ఆడేవాడు ఒకడు, పెనుగులాట కోసం గెలుపును లక్ష్యంగా తాత్కాలికంగా తొడుక్కునేవాడు ఇంకొకడు. రెండోవాడు ఆట నడుస్తున్నంతసేపూ మొదటివాడిలాగే ఉంటాడు. గెలవాలని నిజంగానే తపిస్తాడు, లేకపోతే పెనుగులాట రక్తి కట్టదు. ఆట ముగిశాక ఆ తపనను విప్పి పక్కన పెట్టగలగాలి. మార్కుల పద్ధతి బలంగా, సూటిగా ఉన్నకొద్దీ విప్పడం కష్టమవుతుందని న్గుయెన్ హెచ్చరిస్తాడు. మనిషికున్న అనేక విలువల స్థానంలో ఒక అంకె వచ్చి కూర్చుంటుంది.

పోటీ మాంసంలో ఈ మార్పు రుచికే తెలుస్తుంది. న్యాయనిర్ణేత ఒక్కో ముక్కలో ఒకటి రెండు కాట్లకు మించి తినలేడు. ఆ కాటులోనే తీపి, ఉప్పు, కారం, పొగ అన్నీ తగలాలి. ఇంట్లో పళ్లెం నిండా పెడితే మొహం మొత్తే మాంసం అక్కడ గెలుస్తుంది. కోడి తొడల చర్మం ఊడదీసి, లోపలి కొవ్వును కత్తితో గీకి, తిరిగి చుట్టి, అన్నీ ఒకే కొలతకు కత్తిరించడానికి గంటలు పోస్తారు. కాటు వేసినప్పుడు చర్మం మొత్తం లేచి రాకుండా తెగడం కోసం ఇదంతా. ఇలా వండినది తాము ఇంట్లో తినే తిండి కాదని పోటీదారులే చెప్పుకుంటారు. ఒకప్పుడు చుట్టాలూ స్నేహితులూ బాగుందన్నందుకే పోటీకి వచ్చినవాడు, వాళ్లకు నచ్చిన వంటను పోటీ కోసం వదిలేసి ఉంటాడు.

ఖర్చు ఈ మార్పుకు ఫలితం అనుకోవడం సహజం. అది చాలావరకు కారణం కూడా. మూడు వందల డాలర్ల పీపాతో ఓడినవాడు నవ్వుకుంటూ ఇంటికి పోగలడు. ఇరవై వేలు పెట్టి ఓడినవాడికి ఆ నవ్వు ఖరీదైపోయింది. పెట్టిన సొమ్ము తిరిగి రాదని తెలిసినా, దానికి న్యాయం చేయాలన్న పట్టుదల వచ్చే పోటీకి పంపుతుంది. పెట్టిన డబ్బు, ఆ డబ్బుతో కొన్న ఆట స్వభావాన్నే మార్చేస్తుంది గనుక, ఖర్చును ఒక పక్కా ఆనందాన్ని ఒక పక్కా వేసి తూచే పద్ధతి ఇక్కడ పనిచేయదు.

ఖర్చుకూ కర్మ స్వభావానికీ ఉన్న ఈ ముడిని భారతీయ సంప్రదాయంలో అందరికంటే నిశితంగా విప్పినవారు వైదిక కర్మలను విచారించిన మీమాంసకులు. యజ్ఞం మీద వారు చేసిన చర్చను మాంసం పోటీకి తేవడం కొందరికి ఎబ్బెట్టుగా తోచవచ్చు. నిప్పూ పొగా రెండింటిలో ఉన్నాయన్న పోలిక పైపైదే. పోటీలో దేవత లేదు, త్యాగం లేదు, హవిస్సు ఆరుగురు మనుషుల నోటికి పోతుంది. పనికొచ్చేది ఖర్చు గురించి వారు అడిగిన ప్రశ్న. వారి మూలగ్రంథమైన జైమిని సూత్రాల ఆరో అధ్యాయం మొత్తం అధికార విచారణ, అంటే ఏ కర్మ ఎవరు చేయవచ్చన్న చర్చ. అందులో ఒక అంశం: అన్ని అంగాలూ సమకూర్చుకోలేనివాడు కర్మ చేయవచ్చా? నిత్యకర్మ, అంటే తప్పక చేయవలసినది, అయితే చేయవచ్చు, చేయాలి. కొన్ని అంగాలు లోపించినా శక్తికొద్దీ చేస్తే చాలు. కామ్యకర్మ, అంటే ఒక ఫలం కోరి చేసేది, అన్ని అంగాలతోనూ పూర్తిగా చేస్తేనే ఫలిస్తుంది. అక్కడ 'యథాశక్తి' చెల్లదు. తెలుగు ఇళ్లలో వ్రతసంకల్పంలో పలికే యథాశక్తి అన్న మాట వెనుక ఇంత తర్కం ఉంది.

ఈ విభజనను పొయ్యి ముందుకు తెస్తే విషయం చాలా తేటపడుతుంది. ఆదివారం పెరట్లో పది మందికి మాంసం కాల్చి పెట్టడం నిత్యకర్మ వంటిది. చవక ముక్క దొరికితే చవక ముక్క, కట్టెలు తడిస్తే బొగ్గులు. లోపాలు అతిథులు సర్దుకుంటారు, పని చెడదు. పోటీ కామ్యం. ఫలం ఒకే జట్టుకు, అదీ మార్కులో కొద్ది తేడాతో దక్కుతుంది. పొరుగు జట్టు వాగ్యూ తెచ్చిందంటే తన వంటలో ఒక అంగం లోపించినట్టే. మొదటి ఆరు వందల చిల్లర మార్కులు నేర్పుతో వస్తాయి. చివరి పది మార్కుల కోసమే మంచి మాంసం, మంచి పొయ్యి, శిక్షణ, సాధన పోటీలు. ఖర్చు పెరగడానికి పోటీదారుడి అత్యాశో ఆడంబరమో కారణం కానక్కరలేదు. పేరు కనబడని పెట్టెలో కూడా అది ఎందుకు పెరుగుతుందో దీంతో తెలుస్తుంది. కామ్యమైన పని నిండుదనాన్ని అడుగుతుంది, నిండుదనానికి హద్దు పొరుగువాడు గీస్తాడు. ఏడాది పొడవునా తెచ్చుకున్న పాయింట్లను కూడి 'ఈ సంవత్సరపు జట్టు' బిరుదు ఇచ్చే ఏర్పాటు ఆ హద్దును ఒక్క వారాంతం నుంచి పన్నెండు నెలలకు జరిపింది.

గీత పదిహేడో అధ్యాయం యజ్ఞాలను మూడుగా విడదీసి, ఫలం కోరీ, దంభం కోసమూ చేసేదాన్ని రాజసం అంటుంది. ఫలాపేక్ష వదిలి పోటీ చేయమని ఎవరైనా సలహా ఇవ్వవచ్చు. సలహా మంచిదే కానీ ఆటలో అది నేరుగా కుదరదు. గెలవాలనుకోనివాడు రాత్రి రెండింటికి లేచి కట్టె వేయడు. ఆట లోపల ఫలం కోరుతూ, ఆటను మొత్తంగా ఫలం కోరకుండా ఎంచుకోవడం సాధ్యమేనా అన్నది న్గుయెన్ ప్రశ్నకూ గీత ప్రశ్నకూ కలిసే చోటు. సాధ్యమే అనిపిస్తుంది, ఓడితే ఇల్లు గడవని స్థితికి ఖర్చు పోనంతవరకు.

ఇప్పటివరకు ప్రశ్న పోటీదారుడి మనసు చుట్టూ తిరిగింది. తత్త్వవేత్త పీటర్ సింగర్ 1972లో ప్రచురించిన వ్యాసం దాన్ని బయటకు లాగుతుంది. తూర్పు బెంగాల్ శరణార్థుల ఆకలిని ముందుంచుకుని రాసిన ఆ వ్యాసం ప్రకారం, ప్రాణాలు కాపాడగల సొమ్మును అవసరం లేని సుఖాలకు వెచ్చించడం తప్పే, శరణార్థులు ఎంత దూరాన ఉన్నా సరే. ఈ లెక్కలో ఒక వారాంతపు వెయ్యి డాలర్లకు జవాబు చెప్పడం చాలా కష్టం. సింగర్ మరో పుస్తకం, 1975 నాటి 'యానిమల్ లిబరేషన్', ఇంకో పద్దు తెరుస్తుంది. ఒక పశువుకు బ్రిస్కెట్లు రెండే. పందికి భుజాలు రెండు, పక్కటెముకల వరుసలు రెండు. పైన చెప్పిన ఒక జట్టు జాబితా వెనుక కనీసం ఒక గొడ్డు, మూడు పందులు, పన్నెండు కోళ్లు ఉన్నాయి. మిగిలిన భాగాలు వేరేవారి వంటింటికి పోతాయి గనుక మొత్తం భారం జట్టు మీద వేయడం న్యాయం కాదు. అయినా ఇరవై నాలుగు ముక్కలకు ఇది చాలా పెద్ద మూల్యం.

సింగర్‌కు పోటీదారుల వైపు నుంచి వచ్చిన గట్టి జవాబు మాటల్లో రాలేదు. 2011 మే 22న మిస్సౌరీ రాష్ట్రంలోని జోప్లిన్ పట్టణాన్ని టోర్నడో తుడిచిపెట్టింది. నూట యాభై మందికి పైగా చనిపోయారు. పోటీ జట్లవారు కొందరు తమ ట్రెయిలర్ పొయ్యిలను అక్కడికి లాక్కెళ్లి, కొద్ది రోజుల్లో లక్షకు పైగా భోజనాలు పెట్టారు. ఆ పనిలోంచి పుట్టిన ఆపరేషన్ బీబీక్యూ రిలీఫ్ ఆ తరువాత ఎన్నో తుఫానులకూ వరదలకూ వెళ్లింది. కరెంటు పోయిన ఊళ్లో కట్టెలతో వందలమందికి వండగల సామగ్రి, రాత్రంతా మేలుకునే అలవాటు, నిమిషాల లెక్కన వడ్డించే క్రమశిక్షణ, ఇవన్నీ ఆ అనవసరపు అడ్డంకులు నేర్పినవే. సూట్స్ నిర్వచనంలోని అనవసర శ్రమకు ఇది అనుకోని విలువ. కానీ దీన్ని సాకుగా వాడుకోవడంలో ఒక చిక్కుంది. సహాయం కోసమే అయితే వాగ్యూ అక్కరలేదు, చర్మం గీకనక్కరలేదు. సరదా సమర్థనకు సేవను అరువు తెచ్చుకుంటే సరదా దాని కాళ్ల మీద అది నిలబడలేదని ఒప్పుకున్నట్టే.

ఖర్చు చేసే మరో పని, కొందరిని గుమ్మం బయటే ఆపడం. అమెరికా దక్షిణాది బార్బెక్యూను నిలబెట్టినవారిలో బానిసలుగా బతికిన నల్లజాతి వంటవారు ముందుంటారు. తోటల యజమానుల విందులకూ, రాజకీయ సభలకూ కందకాలు తవ్వి, నిప్పులు పరచి, పందుల్ని నిలువునా కాల్చింది వారు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో కాన్సాస్ సిటీ బార్బెక్యూకు ఆద్యుడైన హెన్రీ పెర్రీ మాంసాన్ని వార్తాపత్రిక కాగితంలో చుట్టి చిల్లర డబ్బులకు అమ్మాడు. టెక్సస్‌లో బ్రిస్కెట్ పైకి వచ్చింది కూడా అది గట్టిగా, చవకగా ఉండే ముక్క గనుకే. పేదరికం కనిపెట్టిన ఓపిక ఇది. ఆ ఓపికకే నేటి పోటీ మైదానంలో ఇంత ఖరీదు పడింది. తానూ ధ్రువపత్రమున్న న్యాయనిర్ణేత అయిన రచయిత ఏడ్రియన్ మిల్లర్ 2021లో 'బ్లాక్ స్మోక్' అనే పుస్తకంలో, ఈ కళ గురించిన కీర్తి కథనాల్లోంచి నల్లజాతివారు ఎలా పక్కకు పోయారో రాశాడు. డబ్బు ఒక్కటే దానికి కారణం కాదు, కానీ ట్రక్కూ ట్రెయిలరూ పోటీకి అప్రకటిత అర్హతలైన చోట డబ్బు పాత వివక్షకు బాగా సాయపడుతుంది.

మీమాంసకులు ఈ ప్రశ్ననూ వదల్లేదు. ధనం లేనివాడికి యజ్ఞాధికారం ఉందా అని అడిగి, ఉందన్నారు: ధనం సంపాదించుకోదగినది, పుట్టుకతో నిర్ణయమైన లోపం కాదు. అధ్యాయంలోని ఆ భాగంలోనే వారు శూద్రుడికి అధికారం లేదని కూడా తేల్చారు. ఒక వివక్షను తర్కంతో తోసిపుచ్చినవారే ఇంకొకదాన్ని అదే తర్కంతో నిలబెట్టారు. ఎవరైనా సంపాదించి చేరవచ్చు కదా అన్న మాట ఎప్పుడు వినిపించినా, చేరలేనివారి జాబితా ఇంకెక్కడ రాసి ఉందో వెతకడం మంచిది.

ఖర్చుకు హద్దు కట్టిన పోటీలు లేకపోలేదు. పెరటి వంటవారి కోసం రెండు మాంసాలతో సరిపెట్టే విభాగాలు చాలాచోట్ల నడుస్తున్నాయి. 2013లో టెక్సస్‌లో మొదలైన స్టేక్ కుకాఫ్ అసోసియేషన్ పోటీలు ఒక్క రోజులో ముగుస్తాయి, మాంసం నిర్వాహకులే ఇస్తారు. వీటన్నిటిలో ఆలోచనకు ఎక్కువ పనిపెట్టేది మెంఫిస్‌లోని ఒక యూదు ప్రార్థనా మందిరం 1980ల చివరి నుంచి నడుపుతున్న కోషర్, అంటే యూదు ఆహార నియమాలకు లోబడిన, బార్బెక్యూ పోటీ. పంది ఉండదు, బ్రిస్కెట్, గొడ్డు పక్కటెముకలు, చిక్కుడు గింజల కూర వంటివి ఉంటాయి. శనివారం సబ్బాతు గనుక నిప్పు ముట్టరు, పోటీ ఆదివారానికి పోతుంది. మాంసం, మసాలా దినుసులు, పొయ్యిలు అన్నీ మందిరమే సమకూరుస్తుంది. ఆహార నియమాల శుద్ధి చెడకూడదన్నది దాని ఉద్దేశం. సమానత్వం కోసం పెట్టిన నియమం కాదు. ఫలితం మాత్రం అదే: ఎవరూ తమ వాగ్యూ తెచ్చుకోలేరు, తమ ట్రెయిలర్ లాక్కురాలేరు. అన్ని అంగాలూ అందరికీ ఒకేలా ఇచ్చేస్తే కామ్యకర్మలోని ఖర్చు పరుగు ఆగుతుంది. గెలవాలన్న కోరిక ఆగదు, ఆగనవసరం లేదు. నిర్వాహకులు సమానం చేయలేనిది ఒక్కటే మిగులుతుంది. ఏడాదిలో ఎన్ని రాత్రులు ఎవరు పెరట్లో పొయ్యి ముందు కూర్చోగలిగారు, ఆ సమయంలో ఇంటి పనీ పిల్లల పనీ ఎవరి మీద పడింది అన్న లెక్క ఏ నియమావళిలోనూ లేదు.